మారుతి 800 (1998): నీళ్లు తగ్గుతున్నాయి, తెల్ల పొగ, పొద్దున్నే మిస్సింగ్. హెడ్ గ్యాస్కెట్టేనా?

విభాగం: పాత బండ్లు > ఇంజిన్ పనులు

#1 ఎర్ర800_ఒంగోలు

అందరికీ నమస్కారం. మా ఇంట్లో 1998 మారుతి 800 ఉంది, కార్బురేటర్ మోడల్. నాన్న కొన్న బండి, ఇప్పుడు నేను నడుపుతున్నాను. పోయిన నెల చీమకుర్తి రోడ్డులో గ్రానైట్ లారీల వెనక నిదానంగా పోతుంటే టెంపరేచర్ ముల్లు పైకి లేచింది. వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపేశాను. బాగా చల్లారాక నీళ్లు పోసుకుని ఇంటికి తెచ్చాను.

అప్పటి నుంచి రేడియేటర్‌లో నీళ్లు తగ్గిపోతున్నాయి. బండి కింద మాత్రం ఒక్క చుక్క కూడా కనిపించదు. పొద్దున స్టార్ట్ చేస్తే కాసేపు ఇంజిన్ వణుకుతుంది, ఒక సిలిండర్ పని చేయనట్టే ఉంటుంది. వెనక తెల్ల పొగ వస్తోంది, ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగడం లేదు. ఆయిల్ పోసే మూత విప్పితే లోపల మీగడ రంగు జిగురు పట్టి ఉంది. పికప్ కూడా తగ్గింది.

ఇక్కడ ఒక మెకానిక్ బానెట్ ఎత్తగానే "హెడ్ గ్యాస్కెట్ పోయింది, హెడ్డు దించాలి, బోరు పని కూడా పడొచ్చు" అన్నారు. (హెడ్ గ్యాస్కెట్ అంటే ఇంజిన్ బ్లాకుకూ, పైన మూతలా ఉండే హెడ్డుకూ మధ్య బిగించే పలక; బోరు పని అంటే సిలిండర్ల లోపలి గోడ చెక్కించడం.) ఇంకొకాయన పౌడర్ పోస్తే సరిపోతుందన్నారు. ఇంట్లోవాళ్లు అమ్మేయమంటున్నారు. నాకు అమ్మే ఆలోచన లేదు. విప్పకముందే జబ్బు ఇదేనని ఖాయం చేసుకునే దారి ఉంటే చెప్పండి.

#2 వరంగల్_వీల్స్

అన్నా, ముందే హెడ్డు దించకు. ఒకసారి దించితే ఇంజిన్‌లో ఒరిజినల్ బిగువు పోతుంది. మా పెదనాన్న అంబాసిడర్‌కు రేడియేటర్ లీకైతే రెండు చెంచాల పసుపు వేసి చాలా దూరం నడిపిండు. ఇప్పుడు షాపుల్లో లీక్ ఆపే పౌడర్లు దొరుకుతున్నయ్. తక్కువ ఖర్చు కదా, ముందు అది చూడు.

#3 ఆటోనగర్_మెకానిక్

నమస్తే. నేను విజయవాడ ఆటోనగర్‌లో పెట్రోల్ బండ్ల పని చేస్తాను.

వరంగల్ తమ్ముడూ, పసుపు ఆపేది రేడియేటర్ గొట్టంలోని సన్నటి చిల్లును. దారిలో ఇరుక్కుంటే ఇల్లు చేరడానికి పనికొస్తుంది, కాదనను. హెడ్ గ్యాస్కెట్ దగ్గర కథ వేరు. అక్కడ ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క సిలిండర్‌లో పెట్రోల్ మండే ఒత్తిడి. ఆ ఒత్తిడి ముందు పసుపైనా పౌడరైనా నిలవదు. అది పోయి రేడియేటర్ సన్న గొట్టాల్లో, హీటర్ కోర్‌లో కూర్చుంటుంది. రేపు గ్యాస్కెట్ మార్చాక కూడా బండి వేడెక్కుతుంటే ఆ మురికే కారణం అవుతుంది. దయచేసి ఏ పౌడరూ పోయకండి.

ఒంగోలు తమ్ముడూ, నువ్వు చెప్పిన గుర్తుల్లో ఏదీ ఒంటరిగా రుజువు కాదు. మూత లోపలి జిగురు దగ్గర చాలామంది మోసపోతారు. రోజూ రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండిలో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. లోపలి తేమ ఆవిరై పోక, చల్లగా ఉండే మూతకు పట్టి ఆయిల్‌తో కలిసి అలాగే కనిపిస్తుంది. అసలు చూడాల్సింది డిప్‌స్టిక్, అంటే ఆయిల్ మట్టం చూసే కడ్డీ. దాని మీద ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లబడిందా? లెవెల్ పెరిగిందా? ఈ రెండూ ఉంటే నీళ్లు ఆయిల్లోకి దిగుతున్నట్టు. అప్పుడు ఒక్కసారి కూడా స్టార్ట్ చేయొద్దు, బేరింగులు పోతాయి.

డిప్‌స్టిక్ బాగుంటే రేపు పొద్దున ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు ఇలా చెయ్. రేడియేటర్ మూత తీసి నీళ్లు అంచు దాకా నింపు. మూత తీసే ఉంచి ఇంకొకరిని స్టార్ట్ చేయమను. మొదట్లో కొన్ని బుడగలు రావడం మామూలే, లోపల చిక్కుకున్న గాలి అది. ఒకటి రెండు నిమిషాల తర్వాత కూడా ఆగకుండా వస్తూ, ఆక్సిలరేటర్ ఇస్తే ఎక్కువవుతుంటే సిలిండర్లోని గ్యాస్ నీళ్లలోకి వస్తున్నట్టు. నీళ్లు ఎగిరి పడొచ్చు, మొహం దూరంగా పెట్టు. ఇంజిన్ వేడెక్కక ముందే ఆపేసి మూత పెట్టెయ్.

తర్వాత ఇంకో పరీక్ష. మళ్లీ చల్లారాక మూత బిగించి స్టార్ట్ చేసి, పై హోస్ పైపును చేత్తో నొక్కి చూడు. నీళ్లు వేడెక్కకుండానే పైపు గట్టిపడితే అది ఆవిరి ఒత్తిడి కాదు, కంప్రెషన్ ఒత్తిడి, అంటే సిలిండర్ లోపలిది.

వేడి మీద రేడియేటర్ మూత ఎప్పుడూ తీయకు. ఈ బండ్ల మూత 0.9 కేజీ (చదరపు సెంటీమీటరుకు) ఒత్తిడి దాకా పట్టి ఉంచుతుంది. ఆ ఒత్తిడిలో నీళ్లు సుమారు 118 డిగ్రీల దాకా మరగవు. మూత తీసిన క్షణంలో ఒత్తిడి పోయి మొత్తం ఆవిరై పైకి చిమ్ముతుంది. మా వీధిలో మొహాలు కాలినవాళ్లను చూశాను.

#4 పాలమూరు_టీచర్

ఆటోనగర్ అన్నయ్య చెప్పిన బుడగల్లో ఉన్నది మామూలు గాలా, సిలిండర్ గ్యాసా అని తేల్చే రసాయన పరీక్ష ఒకటి ఉంది. నేను కెమిస్ట్రీ చెప్తాను, మా పాత మారుతి జెన్‌కు మావారు ఇలాగే చూశారు కాబట్టి రాస్తున్నాను.

దానికి వాడేది బ్రోమోథైమాల్ బ్లూ అనే సూచిక. బ్లాక్ టెస్టర్ అనే గొట్టంలో ఈ నీలం ద్రావణం పోసి రేడియేటర్ నోటికి ఆనించి, పైన ఉన్న రబ్బరు బల్బుతో లోపలి గాలిని ద్రావణం గుండా లాగుతారు. సిలిండర్ నుంచి వచ్చిన గ్యాస్‌లో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉంటుంది. అది ద్రావణంలో కరిగి కార్బోనిక్ ఆమ్లం అవుతుంది, పీహెచ్ పడిపోతుంది. 7.6 పైన నీలంగా ఉండే సూచిక 6 దగ్గరికి దిగేసరికి పసుపు రంగుకు మారుతుంది. మధ్యలో ఆకుపచ్చ. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ చాలా తక్కువ, దానితో ఆ కాసేపట్లో రంగు మారదు.

రెండు జాగ్రత్తలు. రేడియేటర్‌లో నీటి మట్టం కొంచెం తగ్గించి పెట్టాలి. గొట్టంలోకి కూలెంట్ (రేడియేటర్‌లోని ద్రవం) ఎక్కితే ఆ ద్రావణం పారబోయాల్సిందే. రెండోది, మన ఊపిరి తగిలినా ఇది పసుపవుతుంది, స్కూల్లో పిల్లలతో చేయించే ప్రయోగమే అది. కాబట్టి దగ్గరగా వంగి ఊపిరి వదలకండి.

ఇంకో మాట. పాత కూలెంట్ పారబోసేటప్పుడు వీధి కాలువలోకి, చెట్ల మొదట్లోకి పోయకండి. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి. కొద్దిగా తాగినా కిడ్నీలు పోతాయి. ఇంట్లో చిన్న పిల్లలుంటే ఇంకా జాగ్రత్త.

#5 ఎర్ర800_ఒంగోలు

ఇంత వివరంగా రాసినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. పొద్దున చేసి చూశాను.

డిప్‌స్టిక్ మీద ఆయిల్ నల్లగానే ఉంది, తెల్లదనం లేదు, లెవెల్ పెరగలేదు. మూత తుడిచి పెట్టాను.

మూత తీసి స్టార్ట్ చేస్తే బుడగలు ఆగలేదు. ఆక్సిలరేటర్ ఇస్తే నీళ్లు ఉబికి బయటికి పొర్లాయి. రెండో పరీక్షలో పై హోస్ పైపు చల్లగా ఉండగానే రాయిలా గట్టిపడింది. బ్లాక్ టెస్టర్ ఒంగోలులో దొరకలేదు. గుంటూరులో తెలిసిన షాపులో ఉందట, తెప్పిస్తున్నాను.

#6 క్యామ్రీ_డల్లాస్

హాయ్ అన్నా. అమెరికాలో ఉన్న మన స్టూడెంట్స్ కూడా ఈ థ్రెడ్ చూస్తారని రాస్తున్నా. ఇక్కడ మనవాళ్లు వచ్చిన కొత్తలో పాత క్యామ్రీలు కొంటారు. 2002 నుంచి 2006 మధ్య 2.4 లీటర్ల ఇంజిన్, అంటే 2ఏజెడ్-ఎఫ్‌ఈ ఉన్నవాటిలో హెడ్ గ్యాస్కెట్ సమస్య వేరే రకంగా వస్తుంది. బ్లాకు అల్యూమినియం. హెడ్ బోల్టులు బిగిసే మరలు, ముఖ్యంగా వెనక వరుసలో, బ్లాకులోంచి ఊడొచ్చేస్తాయి. బోల్టుకు పట్టు లేక హెడ్డు లేస్తుంది, వెనక పక్క కూలెంట్ కారుతుంది. అది ఫైర్‌వాల్ వైపు కాబట్టి పైనుంచి చూస్తే కనిపించదు.

అక్కడ కొత్త గ్యాస్కెట్ ఒక్కటే వేస్తే లాభం లేదు. బోల్టు రంధ్రాలు డ్రిల్ చేసి స్టీల్ మరల ఇన్సర్టులు వేయాలి. అది చెప్పకుండా గ్యాస్కెట్ మాత్రం మార్చి అమ్మిన బండ్లు ఉంటాయి, కొనేముందు అడగండి. టెస్టర్ విషయానికొస్తే ఇక్కడ పెద్ద పార్ట్స్ స్టోర్లలో డిపాజిట్ కట్టించుకుని అద్దె లేకుండానే టూల్స్ ఇస్తారు. కంప్రెషన్ గేజ్, కూలింగ్ ప్రెషర్ టెస్టర్ కూడా దొరుకుతాయి. మన ఊళ్లలో కూడా పార్ట్స్ షాపులవాళ్లు అలా ఇస్తే ఎంతమందికి అనవసరంగా ఇంజిన్ విప్పే బాధ తప్పుతుందో.

#7 ఆటోనగర్_మెకానిక్

ఒంగోలు తమ్ముడూ, చల్లని పైపు గట్టిపడిందంటే నాకు దాదాపు అర్థమైపోయింది. అయినా హెడ్డు దించే ముందు కంప్రెషన్ చూడాలి. ఏ సిలిండర్ దగ్గర పోయిందో తెలిస్తే విప్పాక ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

బ్యాటరీ ఫుల్ చార్జిలో ఉండాలి. మూడు ప్లగ్గులూ తీసెయ్. తీసిన వరసలోనే పక్కన పెట్టి ఫొటో తియ్, వాటి రంగు కూడా మాట్లాడుతుంది. కాయిల్‌కు వచ్చే కరెంటు తీసెయ్, పెట్రోల్ రాకుండా చూడు. గేజ్ బిగించి ఆక్సిలరేటర్ అడుగు దాకా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టాలి. ఆక్సిలరేటర్ తొక్కకపోతే గాలి లోపలికి పోదు, అన్ని సిలిండర్లూ తక్కువ చూపించి నిన్ను భయపెడతాయి. గేజ్ ముల్లు ఇంక పెరగడం లేదన్నంత వరకు కొట్టి రాసుకో.

ఏదైనా తక్కువొస్తే ఆ సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడు. నంబర్ బాగా పెరిగితే రింగులు అరిగినట్టు. పెరగకపోతే వాల్వు గానీ గ్యాస్కెట్ గానీ.

#8 సుమో_ఖమ్మం

డీజిల్ బండ్లవాళ్ల కోసం ఒక మాట. పెట్రోల్ ఇంజిన్ కంప్రెషన్ గేజ్ డీజిల్ ఇంజిన్‌కు పెట్టకండి. పెట్రోల్ ఇంజిన్‌లో 12 కేజీల చుట్టుపక్కల వస్తే, పాత డీజిల్‌లో 25, 30 దాకా పోతుంది. గేజ్ పగిలి చేతికి తగులుతుంది.

డీజిల్ గ్యాస్కెట్ కొనేటప్పుడు ఇంకో విషయం. చాలా డీజిల్ ఇంజిన్లలో పిస్టన్ పైకి వచ్చినప్పుడు బ్లాకు మట్టం కన్నా కొద్దిగా పైకి పొడుచుకొస్తుంది. ఎంత పొడుచుకొచ్చిందో డయల్ గేజ్‌తో కొలిచి, దాన్ని బట్టి గ్యాస్కెట్ మందం ఎంచుకోవాలి. మందం తెలిసేలా అంచు మీద చిల్లులో గాట్లో ఉంటాయి. నా బండికి మొదటిసారి పని చేసినచోట పాత గ్యాస్కెట్ గాట్లు చూడకుండా షాపులో ఉన్నది తెచ్చి వేశారు. స్టార్టింగ్ కష్టమైంది, నల్ల పొగ వచ్చింది. మళ్లీ మొత్తం విప్పాల్సొచ్చింది. పాత గ్యాస్కెట్‌ను పారేయకుండా షాపుకు చేత్తో పట్టుకెళ్లండి.

#9 ఎర్ర800_ఒంగోలు

టెస్టర్ వచ్చింది, నీలం ద్రావణం కాసేపట్లోనే పసుపైపోయింది. టీచర్ గారు చెప్పినట్టు ఊపిరి తగలకుండా చేశాను.

కంప్రెషన్ ఇలా వచ్చింది: ఒకటో సిలిండర్ 11.5, రెండోది 6, మూడోది 6.5 కేజీలు. రెండు, మూడింటిలో ఆయిల్ పోసి చూసినా దాదాపు అంతే. ప్లగ్గుల్లో ఒకటోది మామూలు గోధుమ రంగులో ఉంది. మూడోది మాత్రం కడిగి పెట్టినట్టు తెల్లగా, శుభ్రంగా ఉంది.

#10 ఆటోనగర్_మెకానిక్

ఇంత స్పష్టంగా చాలా తక్కువసార్లు వస్తుంది. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లు కలిసి పడిపోయాయి, ఆయిల్ పోసినా లేవలేదు. ఆ రెండింటి మధ్య ఉండే సన్నటి గోడ మీద గ్యాస్కెట్ కాలిపోయింది. ఒకదాని గాలి ఇంకోదాంట్లోకి పోతోంది. సిలిండర్ల మధ్య తేడా 1 కేజీ దాటకూడదు, నీకు 5.5 ఉంది. మూడో ప్లగ్గు శుభ్రంగా ఉండటానికి కారణం ఆ సిలిండర్లోకి నీళ్లు చేరి ఆవిరై ప్లగ్గును కడిగేయడం. నీళ్లు పోతున్నదీ అందులోకే, తెల్ల పొగా అదే.

ఇప్పుడు హెడ్డు దించొచ్చు. రింగుల మీద అనుమానం లేదు కాబట్టి బోరు పని ఒప్పుకోకు. ఆ నంబర్లు ఒక కాగితం మీద రాసి మెకానిక్ చేతికివ్వు. నంబర్లు చూపిస్తే ఎవరూ అనవసరమైన పని చెప్పరు.

చేసే ఆయనకు ఇవి చెప్పు. హెడ్డు పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే విప్పాలి. వేడి మీద విప్పితే అల్యూమినియం హెడ్డు వంగిపోతుంది. బోల్టులు చివరల నుంచి మధ్యకు, ఒక్కోటి కొంచెం కొంచెంగా వదులు చేయాలి. బిగించేటప్పుడు దానికి తిరగబడి, మధ్య నుంచి చివరలకు. టైమింగ్ బెల్టు విప్పే ముందు మార్కులు కలిపి ఫొటో తీసుకోండి. ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి కొత్త బెల్టు, టెన్షనర్ చూసుకోండి. వాటర్ పంపు ఇరుసు కూడా ఊగుతోందేమో చేత్తో ఊపి చూడండి.

ఇదంతా ఒక ఎత్తు. ఆ రోజు బండి ఎందుకు వేడెక్కిందో ఇంకా తేలలేదు. గ్యాస్కెట్ దానంతటది పోదు, వేడి వల్ల పోయింది. ఆ కారణం దొరక్కుండా బండి బయటికి తీస్తే కొత్త గ్యాస్కెట్ కూడా అదే దారి పడుతుంది. నా దగ్గరికి రెండోసారి వచ్చే హెడ్ గ్యాస్కెట్ బండ్లన్నీ ఇలాంటివే. నిదానంగా పోతున్నప్పుడు వేడెక్కిందన్నావు. హైవే మీద బాగుండేదా?

#11 ఎర్ర800_ఒంగోలు

అవునండి. హైవే మీద ముల్లు సగం దాటేది కాదు. ట్రాఫిక్‌లోనే పెరిగేది. నీళ్లు ఎప్పుడూ మా ఇంటి బోరు నీళ్లే పోసేవారు, నాన్న రోజుల నుంచీ.

#12 ఆటోనగర్_మెకానిక్

హైవే మీద ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. నిదానంగా పోయేటప్పుడు ఫ్యాన్ తిరగాలి. అంటే మొదటి అనుమానం ఫ్యాన్ మీదే. ఫ్యాన్ థర్మో స్విచ్ దగ్గర ప్లగ్ పీకి, రెండు వైర్లూ కలిపి ఇగ్నిషన్ ఆన్ చెయ్. ఫ్యాన్ తిరిగితే మోటారు మంచిదే, స్విచ్ చచ్చింది. తిరగకపోతే ఫ్యూజు, మోటారు చూసుకో.

బోరు నీళ్లంటే రెండో అనుమానం రేడియేటర్. మీ ప్రకాశం జిల్లా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఇంట్లో గీజర్ కాయిల్‌కు పట్టే తెల్ల పొరే రేడియేటర్ గొట్టాలకూ పడుతుంది. దాన్ని విప్పించి రేడియేటర్ షాపులో పై ట్యాంకు, కింది ట్యాంకు ఊడదీయించి గొట్టాల్లో కమ్మీ దూర్చి శుభ్రం చేయించాలి. పైపైన నీళ్లు వదిలి కడిగితే కుదరదు.

#13 వరంగల్_వీల్స్

ఆటోనగర్ అన్నా, పౌడర్ సంగతి అర్థమైంది, మంచిగ చెప్పినవ్. ఇంకో డౌట్. మా దగ్గర మెకానిక్‌లందరూ థర్మోస్టాట్ వాల్వ్ పీకి పడేస్తరు. "మన ఎండలకు ఇది అక్కర్లేదు, లేకుంటేనే ఇంజిన్ చల్లగ ఉంటది" అంటరు. ఒంగోలు అన్న బండిలో అది ఉందో లేదో చూడాలె కదా?

#14 ఆటోనగర్_మెకానిక్

మంచి ప్రశ్న. మన ఎండలకైనా అది కావాలి. 80 డిగ్రీలు దాటే దాకా మూసుకుని ఉండి ఇంజిన్‌ను త్వరగా వేడెక్కించడం దాని పని. అది లేకపోతే ఇంజిన్ చాలాసేపు చల్లగానే తిరుగుతుంది, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, ఆయిల్‌లో తేమ ఉండిపోతుంది, బోరు త్వరగా అరుగుతుంది. ఆ మూత లోపలి జిగురుకు ఇదీ ఒక కారణమే. వాల్వ్ తీసేసి మురికి పట్టిన రేడియేటర్‌ను దాచిపెట్టే మెకానిక్‌లు ఉన్నారు, నాకు కోపం వచ్చేది అక్కడే. మంచిదా కాదా తెలుసుకోవాలంటే గిన్నెలో నీళ్లు పోసి అందులో వేసి పొయ్యి మీద పెట్టండి. నీళ్లు మరిగేలోపు తెరుచుకోవాలి, చల్లారితే మూసుకోవాలి.

#15 ఎర్ర800_ఒంగోలు

హెడ్డు దించారు. రెండు, మూడు సిలిండర్ల మధ్య గ్యాస్కెట్ నల్లగా కాలి తెగిపోయి ఉంది, మూడో సిలిండర్ పక్క నీళ్ల రంధ్రం వరకు ఆ దారి కనిపిస్తోంది. ఫొటో పెట్టాను. మూడో పిస్టన్ తల మాత్రం మసి లేకుండా మెరుస్తోంది. బోరు గోడల్లో గీతలు లేవు.

థర్మోస్టాట్ ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఎవరో ఎప్పుడో తీసేశారు. ఫ్యాన్ వైర్లు కలిపితే ఫ్యాన్ తిరిగింది, అంటే స్విచ్చే పోయింది. రేడియేటర్ షాపాయన కింది వరస గొట్టాలు చాలావరకు మూసుకుపోయాయని చూపించారు.

హెడ్డును ఇప్పుడు లేత్ షాపుకు పంపాలి. అక్కడ ఏం అడగాలి?

#16 ఆటోనగర్_మెకానిక్

మొదట పగుళ్లు చూడమను. నీళ్ల దారులన్నీ మూసి, లోపలికి గాలి ఒత్తిడి ఇచ్చి వేడి నీళ్ల తొట్టిలో ముంచుతారు. పగులు ఉంటే బుడగలు వస్తాయి. వాల్వు సీట్ల మధ్య ఎక్కువగా పగులుతుంది. ఫేసింగ్ (హెడ్డు అడుగును మట్టంగా చెక్కడం) చేయించి తర్వాత పగులు బయటపడితే ఆ డబ్బు దండగ, అందుకే ఈ వరస.

తర్వాత నీ కళ్ల ముందే స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫీలర్ గేజ్‌తో వంపు చూడమను. పొడవునా, అడ్డంగా, మూలల నుంచి మూలలకు. సుజుకి ఇచ్చిన హద్దు 0.05 మిల్లీమీటర్లు. అది దాటితే ఫేసింగ్ చేయాలి, దాటకపోతే అక్కర్లేదు. వంపు పోయేంత మాత్రమే తీయాలి. ఎక్కువ తీస్తే కంప్రెషన్ పెరిగి మామూలు పెట్రోల్‌కు ఇంజిన్ కొట్టుకుంటుంది. బ్లాకు పైభాగాన్ని కూడా అదే గేజ్‌తో చూడాలి, దాన్ని చాలామంది వదిలేస్తారు.

హెడ్డు బయట ఉంది కాబట్టి వాల్వులు ల్యాపింగ్ (సీట్లకు సరిగ్గా ఆనేలా నూరడం) చేయించి, వాల్వు సీల్స్ కొత్తవి వేయించు. పెద్ద ఖర్చు కాదు.

#17 సుమో_ఖమ్మం

బ్లాకు మీద పాత గ్యాస్కెట్ ముక్కలు గోకేటప్పుడు గ్రైండర్‌కు ఎమరీ చక్రం పెట్టి తిప్పనివ్వకండి బ్రదర్. బ్లాకు మీద గుంటలు పడతాయి. ఆ పొడి ఆయిల్ దారుల్లోకి పోయి బేరింగులను తినేస్తుంది. సిలిండర్లలో గుడ్డలు కుక్కి, చెక్క ముక్కతోనో ప్లాస్టిక్ గోకుడుతోనో ఓపిగ్గా తీయాలి.

బోల్టు రంధ్రాల్లో నీళ్లు గానీ ఆయిల్ గానీ ఉంటే గుడ్డతో, గాలితో పూర్తిగా తీసేయండి. అడుగు మూసుకున్న రంధ్రంలో నీళ్లుండగా బోల్టు బిగిస్తే నీటికి పోయే దారి ఉండదు. టార్క్ (బిగింపు బలం) తప్పుగా చూపిస్తుంది, ఒక్కోసారి బ్లాకే పగులుతుంది.

#18 ఎర్ర800_ఒంగోలు

లేత్ షాపులో దగ్గరుండి చూశాను. పగుళ్లు లేవు. వంపు మాత్రం మధ్యలో 0.15 ఉంది, ఫేసింగ్ చేశారు. బ్లాకు మట్టంగానే ఉంది. బిగించేటప్పుడు గ్యాస్కెట్‌కు రెండు పక్కలా సీలెంట్ పూస్తామంటున్నారు. పూయనివ్వాలా?

#19 ఆటోనగర్_మెకానిక్

వద్దు. మాన్యువల్‌లో ఫలానా చోట పూయమని ఉంటే తప్ప హెడ్ గ్యాస్కెట్ పొడిగానే కూర్చోవాలి. పిండుకొచ్చిన సీలెంట్ నీళ్ల దారుల్లో పడి తిరుగుతుంది. "టాప్" అని రాసిన వైపు పైకి రావాలి. తిరగేసి వేస్తే ఆయిల్, నీళ్ల రంధ్రాలు కలవవు.

టార్క్ రెంచితోనే బిగించాలి, మూడు విడతల్లో, మధ్య నుంచి బయటికి. చేతి అంచనా ఎంత అనుభవం ఉన్నవాడిదైనా ఇక్కడ చెల్లదు. నేను ఇన్నేళ్ల నుంచి చేస్తున్నా రెంచి లేకుండా హెడ్డు బిగించను. మీ ఇంజిన్ టార్క్ ఎంతో, బిగించే వరస ఏదో సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది, ఆ పేజీ ముందు పెట్టుకోమను. హెడ్డు బిగించాక టాపెట్లు (వాల్వుల దగ్గర సందు) సెట్ చేయాలి. ఫేసింగ్ అయింది కాబట్టి టైమింగ్ మార్కులు రెండుసార్లు చూసుకుని, ఇంజిన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి మళ్లీ కలుస్తున్నాయో లేదో చూడాలి.

ఆయిల్, ఫిల్టర్ మార్చండి. లోపల నీళ్లు కారినప్పుడు ఎంతో కొంత ఆయిల్లోకి పోయి ఉంటుంది.

#20 నిర్వాహకుడు_పాతబండ్లు

ఈ థ్రెడ్‌ను విభాగం పైన ఉంచుతున్నాం. పొగ, నీళ్లు తగ్గడం గురించి కొత్తగా అడిగేవారు ముందు #3, #7, #16 చదివి, పరీక్షల ఫలితాలు రాసి అడగగలరు. ఇంజిన్ రకం, మోడల్ సంవత్సరం తప్పనిసరి.

#21 ఎర్ర800_ఒంగోలు

బండి స్టార్ట్ అయింది. మొదట కాసేపు తెల్ల పొగ వచ్చింది, సైలెన్సర్‌లో మిగిలిన నీళ్లే అన్నారు, తర్వాత పూర్తిగా ఆగిపోయింది. కంప్రెషన్ మళ్లీ చూశాం: 12, 11.8, 11.8. కొత్త ఫ్యాన్ స్విచ్, కొత్త థర్మోస్టాట్, కొత్త రేడియేటర్ మూత, రెండు హోస్ పైపులు వేయించాను. బోరు నీళ్లు బంద్. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి పోశాం. అప్పుడే చీమకుర్తి రోడ్డులో లారీల వెనకే కావాలని నిదానంగా నడిపి చూశాను, ముల్లు పెరగబోతుంటే ఫ్యాన్ వచ్చి దించేసింది.

పార్టులు, లేత్, లేబర్ అన్నీ కలిపి పది వేల లోపే తేలింది. బోరు పని ఒప్పుకుని ఉంటే దానికి రెండింతలు దాటేది. ఆటోనగర్ అన్నా, టీచర్ గారూ, ఖమ్మం బ్రదర్, మీ అందరి వల్ల నాన్న బండి నిలిచింది. ఆర్‌సీ రెన్యువల్ కూడా చేయించాను, ఇంకో 5 ఏళ్లు దీన్ని ఎవరూ కదిలించలేరు.

కొద్ది దూరం తిరిగాక చూస్తే రేడియేటర్‌లో నీళ్లు కొంచెం తగ్గాయి. మళ్లీ లీకేమోనని టెన్షన్‌గా ఉంది.

#22 ఆటోనగర్_మెకానిక్

చాలా సంతోషం తమ్ముడూ. నంబర్లు బాగున్నాయి, భయపడకు. కొత్తగా నింపిన సిస్టంలో గాలి చిక్కుకుని ఉంటుంది, అది మెల్లగా బయటికి వచ్చేకొద్దీ మట్టం దిగుతుంది. చల్లగా ఉన్నప్పుడు హీటర్ నాబ్‌ను పూర్తి వేడికి తిప్పి, బండి ముందు భాగం కొంచెం ఎత్తుగా ఉండేలా నిలిపి, మూత తీసి ఐడిలింగ్‌లో ఉంచు. ఫ్యాన్ ఒకసారి వచ్చి ఆగే దాకా చూస్తూ నింపు. ఆ తర్వాత రెండు మూడు రోజులు పొద్దున్నే చల్లని ఇంజిన్ మీద మట్టం చూడు. ఒకచోట ఆగిపోతే అది గాలే. ఆగకుండా తగ్గుతూనే ఉంటే పై పైపు పరీక్ష మళ్లీ చేసి ఇక్కడ రాయి.

#23 ఎర్ర800_ఒంగోలు

మీరు చెప్పినట్టే హీటర్ తెరిచి నింపాను. ఒక గ్లాసు దాకా పట్టింది. అప్పటి నుంచి మట్టం కదల్లేదు, పొద్దున పై పైపు మెత్తగానే ఉంటోంది.